చేటలో వజ్రం

తొలకరి పడితే పేపర్లో ఆ వార్త రాక తప్పదు. కర్నూలు జిల్లా తుగ్గలి, మద్దికెర, జొన్నగిరి, లేదంటే అనంతపురం జిల్లా వజ్రకరూరు. వాన కడిగిన చేలల్లో తలొంచుకుని వెతుకుతున్న జనం ఫోటో. పైన 'కూలీని వరించిన అదృష్టం' అని హెడ్డింగు. వ్యాపారి కొంత డబ్బు, దాని మీద కొన్ని తులాల బంగారం ఇచ్చి రాయి తీసుకెళ్లాడని లోపల ఉంటుంది. బయట దాని ధర చాలా ఎక్కువ ఉంటుందని చివర్లో ఒక వాక్యం.

మిత్రులారా, ఆ 'అదృష్టం' అనే మాట దగ్గరే నాకు పేచీ. తడి నేల మీద వేల రాళ్లలో ఒక రాయిని కన్ను పట్టుకోవడం పని. కలుపు తీసే కన్నుకి, పరిగె ఏరే చేతికి అలవాటైన పని. కూలీ దాన్ని గుర్తుపడితే అదృష్టమట, అదే రాయిని వ్యాపారి గుర్తుపడితే నైపుణ్యమట. ఈ తేడా ఇప్పటిది కాదు.

ఫ్రెంచి వ్యాపారి టావెర్నియర్ 17వ శతాబ్దంలో గోల్కొండ గనులు తిరిగి చూశాడు. 1676లో పుస్తకం అచ్చువేశాడు. వజ్రాలు కొనడానికొచ్చిన మనిషి కాబట్టి లెక్కలు జాగ్రత్తగా రాసుకున్నాడు. కృష్ణ ఒడ్డున పల్నాటి కొల్లూరు గని ఎలా బయటపడిందో అక్కడివాళ్లు చెప్పింది విని రాశాడు. ఒక పేదవాడు చిరుధాన్యం విత్తుకోవడానికి నేల తవ్వుతుంటే 25 కారెట్ల దాకా ఉన్న రాయి దొరికిందట. అంటే కోహినూరు పుట్టిల్లని అందరూ చెప్పుకునే ఆ గనిని కనిపెట్టింది రాజూ కాదు, రత్నపరీక్షకుడూ కాదు.

తాను వెళ్లేనాటికి అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తారు. చుట్టూ గోడ కట్టిన మడిలో ఆ మట్టి పోసి, నీళ్లు నింపి నానబెడతారు. మెత్తబడ్డాక బురద నీరు వదిలేసి, మిగిలింది ఎండబెడతారు. ఎండాక చేటలకెత్తి తూర్పారబడతారు, దుమ్ము గాలికి పోతుంది. మిగిలిన గడ్డల్ని నేల మీద పరిచి రోకళ్లతో దంచుతారు. మళ్లీ చేటకెత్తుతారు. అప్పుడు వరసగా కూర్చుని చేతులతో వెతుకుతారు.

చేట, రోకలి, తూర్పార. గోల్కొండ వజ్రాల పరిశ్రమ మొత్తం కళ్లంలో పనిచేసిన చేతుల విద్య మీద నిలబడింది. ప్రబంధాలు పాఠం చెప్పి బతికేవాడిని నేను. కిరీటంలో మణి, నాయిక మెడలో హారం, రాజు బొక్కసం, ఇవన్నీ పిల్లలకు చెప్పాను. నేను చదివిన కావ్యాల్లో ఈ చేట ఎక్కడా కనపడలేదు. విదేశీ వ్యాపారి లెక్కల పుస్తకంలో కనపడింది.

ఇక కూలి. రావల్కొండ అని అతను రాసిన గని మన కర్నూలు దగ్గరి రామళ్లకోటే అని చాలామంది పండితులంటారు. అక్కడ పని బాగా తెలిసిన మనిషికి ఏడాదికి మూడు పగోడాలు. 50 మందితో తవ్వించుకునే వ్యాపారి రాజుకు రోజుకు రెండు పగోడాలు కట్టాలి. లెక్క మీరే వేయండి: కూలీ ఏడాది కష్టం, రాజుకు ఒకటిన్నర రోజు రాబడి. 50 మంది మీద 12 నుంచి 15 మంది కాపలా. ఒంటి మీద గోచి తప్ప గుడ్డ లేకపోయినా, రాయి మింగేస్తారని భయం.

పెద్ద రాయి దొరికితే? కూలీ తీసుకెళ్లి యజమానికివ్వాలి. అతను ఒక తలపాగా గుడ్డ, అర పగోడానో ఒక పగోడానో ఇస్తాడు. లేదంటే బియ్యం, ఒక పళ్లెం చక్కెర. ఇదీ దొరికిన వజ్రానికి ప్రతిఫలం. గమనించండి, ఇది ధర కాదు, బహుమానం. ధరకైతే బేరం ఉంటుంది, బహుమానం ఎంతిస్తే అంతే. ఇప్పుడు తుగ్గలి చేలో ఇచ్చే తులాల బంగారం చూసినప్పుడల్లా నాకు ఆ చక్కెర పళ్లెమే గుర్తొస్తుంది.

ఆ తర్వాతి పని సానపట్టడం. రావల్కొండలో సానగాళ్లు చాలామంది ఉండేవారు. ఒక్కొక్కరి ముందు పళ్లెమంత ఉక్కు చక్రం. రాయి స్వచ్ఛంగా ఉంటే, బరువు తగ్గకుండా, ముఖాలు తీర్చకుండా పైపైన ఆనించి వదిలేసేవారు. పగులో మచ్చో ఉంటే మాత్రం చిన్న చిన్న ముఖాలు ఎక్కువగా చెక్కి లోపం కప్పేసేవారు. అమ్మకం విద్య ఇక్కడ మొదలవుతుంది. వ్యాపారుల పిల్లలు, పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు వాళ్లు, పొద్దున్నే ఊళ్లో చెట్టుకింద తూకంరాళ్లు, డబ్బుసంచీ పెట్టుకుని కూర్చుని కొనేవారట. ఒకచోట గనిలో మట్టి మోసే పిల్లలు, ఇంకోచోట చెట్టుకింద ధర కట్టే పిల్లలు. ఒకరికి ధర నేర్పారు, ఒకరికి బరువు నేర్పారు. వ్యాపారుల్ని టావెర్నియర్ బనియాలని రాశాడు. పూజ చేసినవాళ్లని బ్రాహ్మణులని రాశాడు. తవ్వినవాళ్లు 'పేదవాళ్లు', అంతే.

కృష్ణా తీరం గనుల్లో దొరికిన మరో వజ్రం సంగతి. సుమారు 410 కారెట్ల ముడి రాయి. కాలికి గాయం చేసుకుని, కట్టులో దాన్ని దాచి పారిపోయిన ఒక బానిసను, ఓడ కెప్టెన్ చంపి సముద్రంలో పడేశాడని కథ. దాన్ని మద్రాసు గవర్నరు థామస్ పిట్ జమ్‌చంద్ అనే వ్యాపారి దగ్గర 48,000 పగోడాలకు కొన్నాడు. లండన్‌లో చెక్కించి, 1717లో ఫ్రాన్సు రీజెంటుకు అమ్మాడు. అన్యాయంగా సంపాదించాడన్న పుకారు ఎంత ముదిరిందంటే, పిట్ తాను న్యాయంగానే కొన్నానని వాంగ్మూలం రాసి పెట్టాల్సి వచ్చింది. ఆ రాయి ఇప్పుడు పారిస్ లూవ్ర్ సంగ్రహంలో 'రీజెంట్' పేరుతో ఉంది. ముందు దాని పేరు 'పిట్'. కొన్నవాడి పేరు ఒకసారి, ఇంకా పెద్ద కొనుగోలుదారు పేరు ఒకసారి. ఆ కథ నిజమో కాదో గానీ, కథలో కూడా దొరికించుకున్నవాడికి పేరు పెట్టలేదు.

కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి. తవ్వి చూసే వీల్లేదు. తుగ్గలి చేలు మాత్రం ఉన్నాయి. పత్తికొండ, గుత్తి వైపు నుంచి ఈ సిరీస్ చదివే విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఈ వానాకాలం మీ అవ్వల్ని, అమ్మల్ని అడగండి. రాయిని దేన్ని బట్టి గుర్తుపడతారు? ఏ పొద్దులో, సూర్యుడు ఎటున్నప్పుడు వెతుకుతారు? చేను గలాయన ఏమంటాడు? మొదట ఎవరికి చూపిస్తారు, అతను ఎంత చెప్తాడు, మీరు ఎంత అడిగారు? వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. పేర్లు వేయమంటే వేస్తాను.