నోటిమాట - వ్రాతమాట



నేటి ప్రసంగమునకు విషయము మన మాటయే. ఇంటిలో పలుకు తెలుగునకును పుస్తకమున చదువు తెలుగునకును నడుమ ఎడము గలదు. ఆ యెడము ఎట్లు కలిగినది, దానిని గూర్చి మన పెద్దలు ఏమని వాదించిరి, ఆ వాదము మల్యాల వంటి పల్లెలకు ఏమి మిగిల్చినది, అను మూడు సంగతులను విన్నవించెదను.

ఇట్టి చిక్కు మన భాష కొక్కదానికే పట్టినదని కొందరి తలంపు. ఫ్రాన్సు దేశమును చూడుడు. అచ్చట భాషను దిద్దితీర్చుటకై 1635వ సంవత్సరమున ఒక అకాడమీ వెలసినది. 1694లో అది తన తొలి నిఘంటువును ప్రకటించినది. అయినను ఫ్రెంచివారు వ్రాయునది ఒకటి, పలుకునది ఒకటి. 'కాదు, లేదు' అను అర్థము చెప్పుటకు వ్రాతలో క్రియకు ముందు 'నె' అనియు, వెనుక 'పా' అనియు రెండు మాటలు ఉంచవలెను. నోట ఆ మొదటి మాట తఱచుగా జారిపోవును. 'మేము' అనుటకు పుస్తకమున 'నూ' అని యుండగా, ఇంటిలో 'ఓఁ' అనుదానితో సరిపుచ్చుకొందురు. 'అతడు వచ్చెను' అనుటకు కథలలో 'ఇల్ వెఁ' అని వ్రాయుదురు. మాటలాడునపుడు దానిని విడిచి 'ఇల్ ఎ వెన్యు' అందురు. గోదావరి పాయ యొడ్డున నున్న మన యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను గనుక, ఈ రెండు తీరుల ఫ్రెంచి తెలుగువారి చెవులకును కొంత తెలిసినదే.

మన 'వచ్చెను' సరిగా ఆ 'ఇల్ వెఁ' వంటిది. పురాణమున వినుచున్నాము, కావ్యమున చదువుచున్నాము. పొలము గట్టు మీద 'మా యెద్దు తప్పిపోయెను' అని చెప్పు రైతు నెవనిని నేను చూడలేదు.

ఎడము పుట్టుటకు కారణము సులభముగా తెలియును. వ్రాసినది నిలుచును, పలికినది మారును. మల్యాలకు పొరుగున గంగాధర మండలములో కురిక్యాల యున్నది. అచ్చటి బొమ్మలగుట్ట మీద, కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దమున చెక్కించిన శాసనము గలదు. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును గలవు. తెలుగున కందపద్యము లున్నవి. నన్నయభట్టు పదునొకండవ శతాబ్దమువాడు గాన, ఈ పద్యములు ఆయన భారతము కంటెను ముందటివి. ఆనాటి రూపములు ఱాతి మీద అట్లే యున్నవి. ఆనాటి నోళ్ళు పోయినవి. వారి మనుమల మనుమల నోళ్ళలో భాష ఎన్నియో మలుపులు తిరిగినది.

పద్యకవులలోను అందరు ఒక్క తీరువారు కారు. మన ధర్మపురి శేషప్పకవి తన నరసింహశతకమున, తాను లక్షణములు చూచినవాడను కాను, కావ్యములు చదివినవాడను కాను అని చెప్పుకొనెను. అయినను ఆ శతకమును వీథిబడులలో తరతరముల పిల్లలు వల్లె వేసిరి.

ఇక వాదము సంగతి. చెన్నపట్టణమున పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణమును వెలువరించెను. ఆ వ్యాకరణము సూత్రరచనలో సాటిలేనిది. నేను దానిని చదివియే పండితుడ నైతిని. కాని దాని కొలతకు సరిపోని మాట గ్రామ్యమనిపించుకొనెను. బడిపిల్లలు వచనము సైతము ఆ కొలతకే వ్రాయవలసివచ్చెను.

1906 ప్రాంతమున ఏట్సు అను ఆంగ్లేయుడు ఉత్తరపు జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. జనుల తెలుగు ఒకటి, పాఠముల తెలుగు ఒకటి యేల అని ఆయన అడిగెను. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తిపంతులు మనస్సున నాటుకొనెను. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. కొండలలోని సవరల భాషను వారి నోటనే విని నేర్చినవాడు. కన్యాశుల్కము వ్రాసిన గురజాడ అప్పారావుగారు ఆయనకు తోడు నిలిచిరి. ఎదుటి పక్షమున జయంతి రామయ్యపంతులు మొదలగువారు 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తును స్థాపించిరి. వాదము విశ్వవిద్యాలయము దాక పోయెను. 1914లో అప్పారావుగారు తమ అసమ్మతిని విపులముగా వ్రాసి సమర్పించిరి. 1919లో రామమూర్తిపంతులు 'తెలుగు' అను పత్రికను నడపిరి. గ్రాంథికమే వ్రాయవలెనను పండితుల వ్రాతలలోనే ఎన్ని తప్పులున్నవో 1933లో ఒక గ్రంథమున ఎత్తిచూపిరి. 1940 జనవరి 22న ఆయన పరమపదించునాటికి వ్యావహారికము పత్రికలలో చోటు సంపాదించుకొనుచుండెను.

గ్రాంథికవాదులు మూర్ఖులు కారు. వారి ప్రశ్న నేటికిని విలువగలది: నోటిమాటనే వ్రాయవలెనన్నచో, ఎవరి నోటిమాట? ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క పలుకుబడి గదా! శిష్టుల వ్యవహారమున నున్న భాష అని రామమూర్తిపంతులు బదులు చెప్పిరి. ఆ శిష్టులు ఏ సీమవారు అను ప్రశ్న మాత్రము మిగిలిపోయెను.

ఆ తగవు సర్కారు జిల్లాలలో సాగుచుండగా, మన ప్రాంతము వేఱొక తగవున మునిగియుండెను. నిజాము రాజ్యమున కచేరీలలోను, పైతరగతులలోను ఉర్దూయే చెల్లుబడి. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధన ఉర్దూలోనే. 1921 నవంబరులో హైదరాబాదు సభ యొకదానిలో ఒక వక్త తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలిచేసిరి. ఆ అవమానము నుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక బయలుదేరెను. తెలంగాణములో కవులే లేరను మాటకు బదులుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడెను. 1935లో మన సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతన నాల్గవ ఆంధ్రమహాసభ జరిగెను. ఏ తెలుగు వ్రాయవలెనని అచ్చట తర్కించుచుండగా, తెలుగు అను మాట సభలో వినబడవలెనని ఇచ్చట పోరాడుచుంటిమి.

1948లో నిజాము పాలన ముగిసెను. 1956లో ఆంధ్రప్రదేశ మేర్పడెను. 1966లో తెలుగు అధికారభాష యని చట్టమాయెను. పాఠ్యపుస్తకములలో గ్రాంథికము క్రమముగా తగ్గి వ్యావహారికము వచ్చెను. కాని వచ్చినది కృష్ణా గోదావరి తీరముల వ్యావహారికము. మన పిల్లలకు అదియు ఒక క్రొత్త గ్రాంథికమే యాయెను.

నేను తెలుగు పండితుడనుగా నున్న కాలమున ఒక బాలుడు 'మా నాయిన బొంబాయి నుంచి వచ్చిండు' అని వ్రాసెను. దిద్దిన పరీక్షకుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేసి 'వచ్చాడు' అని వ్రాసి మార్కు తగ్గించెను. ఆ బాలుడు పిమ్మట చాలదినములు తరగతిలో నోరు విప్పలేదు.

ఆ మాటను వ్యాకరణము పట్టి చూతము. 'వచ్చినవాఁడు' అనునది కుదించుకొని 'వచ్చినాఁడు' అయినది. ఇది వ్యాకరణమునకు సమ్మతమైన రూపము. దానిలోని దీర్ఘము మన నోట జారిపోగా 'వచ్చిండు' అయినది. పుస్తకమున అరసున్నగా మిగిలిన ధ్వని మన పలుకులో నిండుసున్నగా వినబడుచున్నది. 'వచ్చాడు' అను రూపములో 'వచ్చిన' అను దానిలోని నకారము గాని, సున్న గాని లేవు. రెండును తల్లి యొక్కతె బిడ్డలే. ఒక బిడ్డకు మార్కు వేసి రెండవ బిడ్డను గీటు పెట్టి కొట్టివేయుట ఏ సూత్రముచే సిద్ధించును?

పుస్తకపు మాట అక్కఱలేదని నా యభిప్రాయము కాదు. అది లేనిచో శ్రీకాకుళము వాని వ్రాత కోరుట్ల వానికి అందదు. పోతన భాగవతము మన మనుమలకు పరభాష యగును. పుస్తకపు తెలుగును పిల్లవాడు తప్పక నేర్వవలెను. దానికై తన తల్లి పలుకును చూచి సిగ్గుపడ నక్కఱలేదు.

ఈ తత్త్వమును ఓరుగల్లున కాళోజీ నారాయణరావుగారు తమ వ్రాతలలో చాటిరి. ఆయన పుట్టిన సెప్టెంబరు 9ని 2014 నుండి తెలంగాణ భాషాదినముగా జరుపుచున్నారు. గిడుగువారు పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషాదినము. రెండు పండుగలకు నడుమ దినములు పదునొకండే. రెండింటి సారమును ఒక్కటే యని నాకు తోచును.

వృద్ధులకు నా విన్నపము. కైకిలి, గటక, సర్వపిండి, సిరిసిల్ల సాంచాలు - ఇట్టి మాటలు మీ నోట నున్నవి, పాఠ్యపుస్తకములలో అరుదు. మనుమలను కూర్చుండబెట్టుకొని ఆ మాటలు చెప్పుడు, అర్థముతో వ్రాయింపుడు. పక్కనే పుస్తకపు మాటయు వ్రాయింపుడు. మనము పోయిన పిమ్మట ఆ మాటలను అడిగి తెలిసికొనుటకు వారికి మఱియొక చోటు లేదు.