డ్రైవింగ్ స్కూలులో చేరే ముందు తెలుసుకోవలసినవి



ప్లస్ టూ పరీక్షలు అయిపోగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "బండి నేర్చుకోవాలి, లైసెన్సు తీసుకోవాలి." మంచిదే. కానీ ఏ బడిలో చేర్చాలో నాలుగు చోట్ల విచారించే మనం, డ్రైవింగ్ స్కూలు దగ్గరకు వచ్చేసరికి "ఎంత తీసుకుంటారు, ఎన్ని రోజుల్లో లైసెన్సు వస్తుంది" అని మాత్రమే అడుగుతున్నాం. నేర్పేవారు ఎవరు, ఎన్ని గంటలు నేర్పుతారు అని అడిగేవారు తక్కువ. చట్టం మాత్రం ఈ రెండింటికీ స్పష్టమైన లెక్క పెట్టింది. ఆ వివరాలు కింద ఇస్తున్నాము.

1. వయసు

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం గేరున్న బైకుకైనా, కారుకైనా 18 ఏళ్లు నిండాలి. బాడుగ బండ్లు, లారీ, బస్సు వంటి రవాణా వాహనాలకు 20 ఏళ్లు. 16 ఏళ్లకే లైసెన్సు ఇస్తారని కొందరు అంటుంటారు. అది 50 సి.సి.కి మించని, గేరు లేని బండికి మాత్రమే. ఇప్పుడు మన వీధుల్లో తిరిగే పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ 100 సి.సి.కి పైవే. కాబట్టి ప్లస్ వన్ చదివే పిల్లవాడు వాటిని నడపకూడదు.

2019 సవరణలో చేర్చిన 199ఎ సెక్షన్ తల్లిదండ్రులు తప్పక చదవాలి. లైసెన్సు గానీ ఎల్.ఎల్.ఆర్. గానీ లేని మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే, సంరక్షకుడిని లేదా బండి యజమానిని దోషిగా భావిస్తారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. "నాకు తెలియకుండా తీసుకెళ్లాడు" అంటే సరిపోదు, ఆ సంగతి నిరూపించుకోవలసిన బాధ్యత కూడా మనదే. అంటే సందు చివరి అంగడిదాకా పోనిచ్చిన ఒక్కసారికి, పిల్లవాడి ఉద్యోగ వయసు దాకా వెంటాడే ఫలితం ఉండవచ్చు.

2. ఎల్.ఎల్.ఆర్.

ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. అది తీసుకుని కనీసం 30 రోజులు గడిస్తేనే డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావచ్చు. ఈ 30 రోజులు ఊరికే కాచుకుని ఉండటానికి కాదు, నేర్చుకోవడానికి. కారు నేర్చుకునేటప్పుడు లైసెన్సు ఉన్న శిక్షకుడు బండిని ఆపగలిగే చోట పక్కనే కూర్చోవాలి. బండికి ముందూ వెనుకా తెల్లటి పలకపై ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. బైకు నేర్చుకునేవారు శిక్షకుణ్ణి తప్ప మరెవరినీ వెనుక ఎక్కించుకోకూడదు. స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుని నేర్చుకోవడం కుదరదు.

3. నేర్పేవారికి ఉండవలసిన అర్హతలు

"ఓట్టునర్ పయిర్చి పళ్ళి" అని బోర్డు ఉంటే చాలదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 24వ నియమం ప్రకారం ఆ స్కూలుకు రవాణా శాఖ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. అది ఐదేళ్లు చెల్లుతుంది, ఆపైన పునరుద్ధరించుకోవాలి. శిక్షకుడికి కావలసినవి ఇవి:

- కనీసం పదో తరగతి పాసై ఉండాలి.
- ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవం, దానితోపాటు మోటారు మెకానిక్ కోర్సు సర్టిఫికెట్ లేదా అంతకు మించిన మెకానికల్ చదువు ఉండాలి.
- ట్రాఫిక్ గుర్తులు బాగా తెలిసి ఉండాలి, బండి భాగాలు ఎలా పనిచేస్తాయో చూపించి చెప్పగలగాలి.
- ఇంగ్లీషు గానీ ఆ ప్రాంతపు భాష గానీ తగినంత వచ్చి ఉండాలి.

చివరి అంశం మనకు ముఖ్యం. ఇక్కడ పాఠం తమిళంలోనే జరుగుతుంది. పిల్లలకు ఇబ్బంది ఉండదు. ఇంట్లో తెలుగే మాట్లాడే తల్లులు నేర్చుకోవాలనుకుంటే, అర్థం కాని మాటను మళ్లీ అడగడానికి మొహమాటపడవద్దు. క్లచ్, బ్రేకు అనే మాటలు అందరికీ ఒకటే గానీ, "ఎప్పుడు వదలాలి" అన్నది అర్థం కాకపోతే ప్రమాదం.

బైకు తప్ప మిగతా శిక్షణ బండ్లన్నింటికీ శిక్షకుడి వైపు కూడా నియంత్రణ ఉండాలి. బండి మీద స్కూలు పేరు, చిరునామా, ఫోను నంబరు పెద్ద అక్షరాల్లో రాసి ఉండాలి.

4. ఎన్ని గంటలు?

సొంతానికి నడిపే కారు వంటి వాటికి శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, స్టీరింగు పట్టిన సమయం 10 గంటలకు తగ్గకూడదు. రవాణా వాహనాలకైతే 30 రోజులు, 15 గంటలు. ఎవరు ఏ రోజు ఎంతసేపు నడిపారో స్కూలు రిజిస్టరులో రాయాలి. మన బడిలో హాజరు పట్టీ ఎలాగో, అక్కడ అది అలాగే. ఆ రిజిస్టరు చూపించమని అడిగే హక్కు ఫీజు కట్టినవారికి ఉందనుకునే అడగండి. "వారం చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అనే చోటు నుంచి లేచి రావడమే మేలు.

5. పరీక్ష లేకుండా లైసెన్సు వస్తుందా?

2024 జూన్ 1 నుంచి ఆర్.టి.ఓ. పరీక్షే అక్కరలేదని వాట్సాప్‌లో ఒక వార్త బాగా తిరిగింది. అది నిజం కాదు. ఆ తేదీ నుంచి కొత్త మార్పేమీ లేదని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ అప్పుడే చెప్పింది. అసలు విషయం ఇది: 2021 జులై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలు అనే కొత్త తరహా సంస్థలకు నియమాలు అమల్లో ఉన్నాయి. వాటికి సొంత ట్రాక్, సిమ్యులేటర్ ఉండాలి. కారు కోర్సు నాలుగు వారాల్లో 29 గంటలు: పాఠం 8, నడపడం 21. శిక్షకుడు ప్లస్ టూ పాసై ఉండాలి. అక్కడ పాసైనవారికి ఫారం 5బి ఇస్తారు, డ్రైవింగ్ పరీక్ష నుంచి మినహాయింపు దానికే.

మామూలు డ్రైవింగ్ స్కూలు ఇచ్చేది ఫారం 5. అది ఉన్నా ఆర్.టి.ఓ. పరీక్ష రాయక, నడిపి చూపక తప్పదు. డబ్బు కట్టే ముందు "మీరిచ్చేది ఫారం 5నా, 5బినా" అని ఒక్క మాట అడగండి.

6. గంటల లెక్క ఎందుకంటే

మన జిల్లా మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. సేలం వైపు పోయేటప్పుడు తొప్పూరు కనుమ దిగాలి. అక్కడి ప్రమాదాల గురించి ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. 2020 డిసెంబరులో ఒక లారీ అదుపు తప్పి ఒకేసారి పదికి పైగా బండ్లను గుద్దింది. వాలులో డీజిలు మిగులుతుందని గేరు తీసి న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకు మీదే పడుతుంది. అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ ఆ గేరే ఉంచాలి, అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఈ సంగతి ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె వేసినంత మాత్రాన రాదు. పక్కన కూర్చుని, వాలులో నడిపించి చెప్పేవారు కావాలి. మంచి శిక్షకుడి విలువ అక్కడే తెలుస్తుంది.

7. విద్యార్థులకు

లైసెన్సు వయసు రాకపోయినా ఇప్పుడే పాటించవలసినవి ఉన్నాయి. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, వెనుక కూర్చున్నా సరే, హెల్మెట్ తప్పనిసరి. అది లేకుండా నడిపితే 1,000 రూపాయల జరిమానాతోపాటు లైసెన్సు మూడు నెలలు నిలిపివేయవచ్చు. బైకు మీద ముగ్గురు పోకూడదు. ట్రాఫిక్ గుర్తులు ఇప్పటినుంచే నేర్చుకోండి: గుండ్రటివి ఆజ్ఞ, ముక్కోణంవి హెచ్చరిక, నీలి దీర్ఘచతురస్రంవి సమాచారం. వీటికి తెలుగు, తమిళం అనే తేడా లేదు.

మీలో ఎవరికైనా డ్రైవింగ్ నేర్పే వృత్తిలోకి పోవాలని ఉంటే, పైన 3, 5 అంశాల్లోని అర్హతలు చూసి చదువు మధ్యలో ఆపకుండా ఉండండి. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ కోర్సు దానికి సరైన దారి.

– ప్రధానోపాధ్యాయుడు