రాబడి లెక్కల్లో పరిశోధక విద్యార్థి: పున్నయ్య సంఘం తర్వాతి మూడు దశాబ్దాలు

విశ్వవిద్యాలయాల్లోకి ప్రైవేటు ధనం 1990ల తర్వాతే ప్రవేశించిందనుకోవడం చారిత్రకంగా సరికాదు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం సంస్థానాధీశుడు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళం ప్రకటించారు. అక్కడి విజ్ఞానశాస్త్ర కళాశాల ఆయన పేరునే ధరించింది. అయితే అది దానం, తిరుగు రాబడిని ఆశించి పెట్టిన పెట్టుబడి కాదు. కనుక కార్పొరేటీకరణను ప్రైవేటు ధనం రాకతో కాక, ప్రభుత్వ విశ్వవిద్యాలయం తన ప్రతి విభాగాన్నీ వ్యాపార సంస్థ లెక్కల్లో తూచుకోవడం ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నతో గుర్తించాలి.

ఆ మలుపును 1992-93 నాటి పున్నయ్య సంఘం నివేదికలో చూడవచ్చు. యూజీసీ నియమించిన ఈ సంఘానికి అధ్యక్షత వహించిన జస్టిస్ కె. పున్నయ్య తెలుగువారు. దళితులపై అత్యాచారాల మీద విచారణ జరిపిన కమిషన్ అధ్యక్షుడిగానే ఆయన మనకు ఎక్కువగా గుర్తు. విశ్వవిద్యాలయాలు తమ వార్షిక వ్యయంలో ఐదేళ్లలో 15 శాతం, పదేళ్లలో 25 శాతం సొంత వనరుల నుంచి సమకూర్చుకోవాలని సంఘం సూచించింది. తర్వాతి చర్చల్లో ఈ అంకెలే మిగిలాయి. ఉన్నత విద్యకు ప్రధాన పోషక బాధ్యత ప్రభుత్వానిదేనని, సొంతంగా ఆర్జించిన మొత్తాన్ని చూపి గ్రాంటు తగ్గించరాదని అదే నివేదిక చెప్పిన సంగతి మరుగున పడింది. ఈ నివేదికను ప్రైవేటీకరణ పత్రంగా కొట్టిపారేసేవారు దాన్ని సగమే చదివారనిపిస్తుంది. దాన్ని అమలు చేసినవారూ సగమే చదివారు.

తర్వాతి అడుగులు వేగంగా పడ్డాయి. 1997లో కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ సబ్సిడీలపై వెలువరించిన చర్చాపత్రం ప్రాథమిక విద్యను మాత్రమే సబ్సిడీకి అర్హమైనదిగా గుర్తించి, ఉన్నత విద్యను ఆ పరిధి నుంచి తప్పించింది. 2000 ఏప్రిల్‌లో ముకేశ్ అంబానీ, కుమార మంగళం బిర్లా ప్రధానమంత్రి వాణిజ్య, పరిశ్రమల మండలికి సమర్పించిన నివేదిక మరింత ముందుకు వెళ్లింది. ఉన్నత విద్యకయ్యే వ్యయాన్ని విద్యార్థులే భరించాలని, లేనివారికి రుణాలు, సహాయం ఉండాలని ప్రతిపాదించింది.

ఫీజు చెల్లించే విద్యార్థికి ఈ తర్కంలో కనీసం వినియోగదారుడి స్థానమైనా దక్కింది. పరిశోధక విద్యార్థికి అదీ లేదు. అతడు రాబడి తేడు, ఏళ్ల తరబడి ఫెలోషిప్పు, గ్రంథాలయం, పర్యవేక్షకుని సమయం కోరుతాడు. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు తెరవగల విభాగానికి విలువ పెరిగి, తెలుగు, చరిత్ర, తత్త్వశాస్త్రం వంటి విభాగాలు ఖర్చు పద్దులోకి చేరాయి. ఖాళీ అయిన అధ్యాపక స్థానాల్లో గంటల లెక్కన పాఠం చెప్పేందుకు మాత్రం పరిశోధకుడు అక్కరకు వచ్చాడు. సిద్ధాంత గ్రంథానికి పెట్టవలసిన కాలం అలా కరిగిపోయింది.

2015 అక్టోబరు 7న యూజీసీ నాన్-నెట్ ఫెలోషిప్పును రద్దు చేయాలని నిర్ణయించడంతో ఈ స్థితి బహిరంగ వివాదమైంది. అప్పటికి ఆ సహాయం నెలకు ఎంఫిల్‌కు 5,000, పిహెచ్‌డికి 8,000 రూపాయలు. విద్యార్థులు ఢిల్లీలోని యూజీసీ కార్యాలయం ముందు వారాల తరబడి బైఠాయించారు. ప్రభుత్వం సమీక్షా సంఘాన్ని నియమించింది, ఫెలోషిప్పు కొనసాగింది. మరుసటి జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధకుడు రోహిత్ వేముల తన చివరి లేఖలో, రావలసిన ఏడు నెలల ఫెలోషిప్పును తన కుటుంబానికి అందేలా చూడమని కోరాడు. ఆ మరణాన్ని నిధుల సమస్యగా కుదించడం కులం ప్రశ్నను దాటవేయడమే అవుతుంది. అయినా ఫెలోషిప్పు విద్యార్థి ఒక్కడి ఖర్చు కాదనడానికి ఆ లేఖ చరిత్రకు మిగిలిన ఆధారం.

2017లో ఏర్పడిన హెఫా గ్రాంటు స్థానంలో రుణాన్ని తెచ్చింది. వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు అసలులో పదోవంతు చెల్లిస్తే చాలు. భారం చిన్నదే కావచ్చు, కానీ కొత్త ప్రయోగశాలకో వసతి గృహానికో నిధి కోరే విశ్వవిద్యాలయం తిరిగి చెల్లించే దారి ముందుగా చూపవలసి వచ్చింది. 2018 నాటి శ్రేణీకృత స్వయంప్రతిపత్తి నిబంధనలు మొదటి శ్రేణి సంస్థలకు యూజీసీ అనుమతి లేకుండానే కొత్త కోర్సులు తెరిచే వీలిచ్చాయి, అయితే ప్రభుత్వ నిధి కోరకూడదన్న షరతుతో.

జేఆర్‌ఎఫ్ 2014 డిసెంబరులో 25,000కు, 2019 జనవరిలో 31,000కు, 2023 జనవరిలో 37,000కు పెరిగింది. ఇంత కాలమూ నాన్-నెట్ మొత్తం 8,000 దగ్గరే నిలిచింది. అదీ కేంద్రీయ విశ్వవిద్యాలయాల వారికే. ఉస్మానియా, ఆంధ్ర, కాకతీయ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో జేఆర్‌ఎఫ్ గాని, మరే ఫెలోషిప్పు గాని లేకుండా పిహెచ్‌డి చేస్తున్నవారికి ఆ 8,000 కూడా వర్తించదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు దాన్ని విస్తరించాలన్నది 2015 ఉద్యమ కోర్కెల్లో ఒకటి.