జ్వరాల పద్దు, వ్యాధి లెక్క

హిజ్రీ 18లో షామ్ దేశంలో అమ్వాస్ మహమ్మారి చెలరేగింది. ఆ వార్త విని హజ్రత్ ఉమర్ (రజి) సహచరులను సంప్రదించి, సర్గ్ నుండే వెనుదిరిగారు. సరైన సమాచారం, దానిని బట్టి నిర్ణయం: మహమ్మారి వేళ పాలనకు ఇవే పునాదులు.

1918లో ఇన్‌ఫ్లూయెంజా బొంబాయి నుండి వ్యాపించి దేశంలో కోటి మందికి పైగా బలిగొన్నది. పల్నాడు అప్పుడు మద్రాసు రాజధానిలోని గుంటూరు జిల్లాలో ఉండేది. గ్రామాధికారులు వ్రాసే చావుల లెక్కే సర్కారుకు ఆధారం. ఆ మరణాలు చాలావరకు ‘జ్వరాలు’ అనే పద్దులో కలిసిపోయాయి. కనుక అసలు నష్టం ఎంతో తర్వాతి జనాభా లెక్కలను బట్టి ఊహించవలసి వచ్చింది.

2020 ఏప్రిల్, మే నెలల్లో నరసరావుపేటలో కోవిడ్ ప్రబలింది. వాలంటీర్లు ఇంటింటికీ వెళ్ళి దగ్గు, జ్వరం గురించి విచారించారు. పరీక్షలు జరిగాయి, రాకపోకలు నిలిచాయి. వ్యాధికి ఇప్పుడు ప్రత్యేక పద్దు ఉన్నది. కాని ఢిల్లీ నిజాముద్దీన్ సమావేశానికి సంబంధించిన కేసులను కేంద్రం విడిగా ప్రకటించింది. వెళ్ళివచ్చినవారిని వెదకడం అవసరమే. అయితే ఆ లెక్క ఒక సమాజంపై నిందగా మారింది. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ సభ్యులపై కేసులను కొట్టివేసింది. వారిని బలిపశువులుగా ఎంచుకొని ఉండవచ్చునన్నది.

నిందకు భయపడినవాడు జ్వరాన్ని దాచుకుంటాడు. అప్పుడు లెక్క మళ్ళీ తప్పుతుంది. నిఘా వ్యాధి మీద ఉండాలి, మనిషి మతం మీద కాదు.