సెయింట్ లూయిస్: విడిపోయిన నగరం, దాని నవల

మిసిసిపి నది ఒడ్డున వర్తకంతో ఎదిగి, 1870 జనగణనలో అమెరికాలోని నాలుగో పెద్ద నగరంగా నమోదైన సెయింట్ లూయిస్, 1876లో తన కౌంటీ నుంచి, అంటే మన జిల్లా వంటి పాలనా విభాగం నుంచి, ఓటు ద్వారా విడిపోయి సరిహద్దులను శాశ్వతంగా బిగించుకుంది. పల్లె ప్రాంతాల ఖర్చు తప్పుతుందన్న ఆనాటి లెక్క, కార్లూ రహదారులూ పెరిగి కుటుంబాలు శివార్లకు తరలినప్పుడు తలకిందులైంది. వారితోపాటు పన్ను రాబడీ సరిహద్దు దాటిపోయింది. 1950లో 8,56,796గా ఉన్న జనాభా 1980 నాటికి 4,52,801కి పడిపోయింది.

ఈ పతనంలో జాతి వివక్ష పాత్రను తగ్గించి చెప్పడం అన్యాయం. పునర్నిర్మాణం పేరుతో 1959లో నగరంలోని మిల్ క్రీక్ వ్యాలీ అనే పేట కూల్చివేత మొదలై, వేలాది నల్లజాతి ప్రజలు నిర్వాసితులయ్యారు. పేదల కోసం 1950లలో ప్రభుత్వం కట్టిన 33 భవనాల ప్రూట్-ఐగో సముదాయం, నిర్వహణకు డబ్బు కరవై శిథిలమై, 1972–76 మధ్య నేలమట్టమైంది.

ఈ నగర శివారులోనే పెరిగిన జొనాథన్ ఫ్రాంజెన్ 1988లో వెలువరించిన తొలి నవల ‘ద ట్వంటీ సెవెన్త్ సిటీ’, దిగజారిన జనాభా స్థానాన్నే పేరుగా ధరించింది. బొంబాయి నుంచి వచ్చి పోలీసు అధిపతి అయిన జమ్ము అనే స్త్రీ పన్నే కుట్ర అందులోని కథ. భారతీయుల చిత్రణ పలుచనిదే అయినా, నగరాన్నీ కౌంటీనీ తిరిగి కలపాలన్న వివాదాన్ని ఇతివృత్తానికి కేంద్రం చేయడంలో రచయిత చూపు సూటిగా ఉంది. అటువంటి విలీన ప్రతిపాదనలను ఓటర్లు 1926లోనూ 1962లోనూ తిరస్కరించారు; నగరం, కౌంటీ నేటికీ వేర్వేరుగానే ఉన్నాయి.