సమీకరణాల నునుపు, జ్యామితి చూపు

2010 ఆగస్టు 19న హైటెక్ సిటీ పక్కనున్న హెచ్‌ఐసీసీలో అంతర్జాతీయ గణితవేత్తల మహాసభ మొదలైంది. మన దేశంలో ఆ సభ జరగడం అదే మొదటిసారి. చెర్న్ పతకాన్ని తొలిసారి ఇచ్చింది కూడా అక్కడే, 85 ఏళ్ల లూయీ నీరెన్‌బర్గ్‌కు. చెర్న్ జ్యామితి మనిషి, నీరెన్‌బర్గ్ సమీకరణాల మనిషి. ఆ రెంటికీ ముడి ఎలా పడిందన్నదే అరేఖీయ పాక్షిక అవకలన సమీకరణాల చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం.

1900లో హిల్బర్ట్ ముందుంచిన సమస్యల్లో 19వది: శక్తిని కనిష్ఠం చేసే ప్రమేయం తప్పక నునుపుగా ఉంటుందా? రెండు చలరాశుల దగ్గర బెర్న్‌స్టీన్ 1904లో దారి తెరిచారు. ఆపైన అరశతాబ్దం ప్రతిష్టంభన. అలాంటి ప్రమేయం పాటించే సమీకరణంలో గుణకాలు పరిష్కారం మీదే ఆధారపడతాయి. ఒకదాని నునుపు తేలాలంటే రెండోదాని నునుపు ముందే తెలియాలి.

ఈ చిక్కును జాన్ నాష్ చెవిన వేసింది నీరెన్‌బర్గే. నాష్ దాన్ని ఛేదించి 1958లో ప్రచురించారు. అంతకు ఏడాది ముందే ఇటలీలో ఎన్నియో డి జార్జి స్వతంత్రంగా సాధించారు. డి జార్జి పద్ధతిలోని జ్యామితి చూపు చూడండి: సూత్రం జోలికి పోకుండా, పరిష్కారం ఫలానా ఎత్తు దాటిన ప్రాంతం ఎంత విశాలమో కొలిచారు. తక్కువ ఎత్తు నుంచి ఎక్కువకు ఎగబాకాలంటే నడుమ శక్తి ఖర్చు కావాల్సిందే. అందువల్ల ఒక బిందువు చుట్టూ ఉన్న గోళాన్ని సగానికి కుదించినప్పుడల్లా పరిష్కారపు ఊగిసలాట ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గుతుంది. గుణకాలు ఎంత గరుకుగా ఉన్నా, హద్దుల్లో ఉంటే చాలు. అయితే ఇది ఒంటి సమీకరణానికే. సమీకరణాల వ్యవస్థల్లో ఇది చెల్లదని 1968లో ఆయనే ఉదాహరణ చూపారు.

శక్తి ఆసరా లేని సమీకరణాలకు 1979లో క్రిలోవ్, సఫోనోవ్ మార్గం వేశారు. లూయిస్ కఫరెల్లీ పరిష్కారాన్ని పైనుంచీ కిందనుంచీ పరావలయజాలతో తాకి చూశారు. 1977లోనే ఆయన స్వేచ్ఛా సరిహద్దుల (పరిష్కారం అడ్డంకిని తాకే ప్రాంతపు అంచుల) మీద ఒక్కో బిందువును అంతకంతకూ పెద్దది చేసి పరిశీలించారు: అక్కడ అర్ధతలమైనా కనబడాలి, లేదా తాకిడి ప్రాంతం సన్నబడిపోవాలి.

1982లో కఫరెల్లీ, కోన్, నీరెన్‌బర్గ్ ఇదే చూపును ప్రవాహాలను వర్ణించే నేవియర్–స్టోక్స్ సమీకరణాల మీదికి తిప్పారు. తగిన బలహీన పరిష్కారాల్లో నునుపు చెడే బిందువులున్నా, అవి స్థలకాలంలో ఒక వక్రరేఖ పొడవునా పరుచుకోలేవని నిరూపించారు. మూడు మితుల్లో అలాంటి బిందువు ఒక్కటైనా నిజంగా పుడుతుందా అన్నది ఇప్పటికీ తేలలేదు.