దక్షిణాఫ్రికా భారతీయుల సమానత్వ పోరాటం

దక్షిణాఫ్రికా జనాభాలో భారత సంతతివారు మూడు శాతం కూడా లేరు. వీరిలో ఎక్కువమంది నేటాల్ చెరకు తోటల్లో పనికి వచ్చిన కూలీల వారసులు. తొలి ఓడ 1860లో డర్బన్ చేరింది. 1961 వరకు అక్కడి ప్రభుత్వం వీరిని దేశంలో శాశ్వత నివాసులుగా ఒప్పుకోనే లేదు. ఆ నూరేళ్లలో పన్ను మీద, పాసు మీద, పెళ్లి చెల్లుబాటు మీద, ఇల్లు కట్టుకునే చోటు మీద వీరు చేసిన పోరాటాలు ఆ దేశ విముక్తి ఉద్యమానికి ఒక పద్ధతినీ, కొందరు నాయకులనూ ఇచ్చాయి. మనం ఈ చరిత్రను చాలావరకు గాంధీ జీవితంలో ఒక అధ్యాయంగానే చదువుకున్నాం. తోట కూలీల వైపు నుంచి, గని కార్మికుల వైపు నుంచి చూస్తేనే చట్టాలు ఎప్పుడు, ఎందుకు మారాయో బోధపడుతుంది.

గిరిమిట్ బతుకు

1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అందులో 340 మందికి పైగా ఉన్నారు. 1911లో ఈ వలస ఆగేనాటికి సుమారు 1,52,000 మంది నేటాల్‌కు వెళ్లారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి ఎక్కినవారే. తమిళులతో పాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. యజమానులకు అందరూ ‘మద్రాసీలే’.

ఒప్పందం ఐదేళ్లు. దాన్నే కూలీలు గిరిమిట్ అన్నారు. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు. బియ్యం, పప్పు, ఎండుచేప వంటి తిండి సరుకులు తోటవాళ్లే ఇచ్చేవారు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. పాసు లేకుండా తోట దాటితే జైలు. తోటల్లో సరిపోయినంతమంది అయ్యాక, బొగ్గు గనులకూ రైలు మార్గాలకూ కూలీలను తరలించారు.

సొంత ఖర్చుతో వచ్చిన గుజరాతీ వర్తకుల కష్టం వేరు. వారికి కావలసింది దుకాణం లైసెన్సు, భూమి కొనే హక్కు, ఓటు. 1894లో గాంధీ పూనికతో ఏర్పడిన నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ ప్రధానంగా వీరి గొంతే అయింది. ఓటుహక్కు తొలగింపుకు వ్యతిరేకంగా దాదాపు 10,000 సంతకాలతో వినతిపత్రం పంపినా 1896లో ఆ హక్కు పోయింది. ఆ రోజుల్లో గాంధీ వాదం, తాము బ్రిటిష్ ప్రజలం కాబట్టి ఆఫ్రికన్లతో కలిపి చూడవద్దన్నది. ఈ చరిత్ర రాసేవారు ఈ మాట దాటవేయకూడదు. ఆఫ్రికన్లకూ తమకూ మధ్య గీసుకున్న ఈ గీత చెరగడానికి మరో యాభై ఏళ్లు పట్టింది.

మూడు పౌన్ల పన్ను, 1913 సమ్మె

గిరిమిట్ ముగిసినవాడు స్వేచ్ఛగా స్థిరపడకూడదన్నదే 1895 చట్టం ఉద్దేశం. ఇంటికి పోవాలి, లేదా మళ్లీ గిరిమిట్‌కు ఒప్పుకోవాలి, లేదా ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలి. కొత్త కూలీకి అది ఆరునెలల జీతం. తర్వాత 16 ఏళ్లు దాటిన మగపిల్లలకూ, 13 దాటిన ఆడపిల్లలకూ ఈ పన్ను వేశారు. భార్యాభర్తలూ ఎదిగిన ఇద్దరు పిల్లలూ ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌన్లు.

నేటాల్ పొరుగున ఉన్న ట్రాన్స్‌వాల్‌లో భారతీయులు వేలిముద్రలిచ్చి నమోదు పట్టాలు తీసుకోవాలన్న నిబంధనపై 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్‌లో ప్రతిఘటన మొదలైంది. 1908 ఆగస్టులో హమీదియా మసీదు ఆవరణలో రెండు వేలకు పైగా పట్టాలను తగలబెట్టారు. మారిషస్‌లో పుట్టిన తంబి నాయుడు ఈ ఉద్యమానికి వెన్నెముక. చదువు అంతంతమాత్రమే అయినా తమిళం, హిందుస్తానీ, ఇంగ్లీషు, కొంత తెలుగు మాట్లాడగలిగిన ఈ చిరువ్యాపారి పలుమార్లు జైలుకెళ్లారు. అయినా ఏళ్లు గడిచేకొద్దీ ఉద్యమం సన్నగిల్లింది.

దానికి మళ్లీ ఊపిరి పోసింది స్త్రీలు. 1913 మార్చిలో కేప్ న్యాయస్థానం, క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్లిళ్లు చెల్లవనే అర్థం వచ్చే తీర్పు ఇచ్చింది. కస్తూర్బా సహా గాంధీ ఫీనిక్స్ ఆశ్రమ బృందం సెప్టెంబరులో నేటాల్ నుంచి ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటి అరెస్టయింది. ట్రాన్స్‌వాల్ నుంచి తంబి నాయుడు కుటుంబ స్త్రీలు, మరికొందరు న్యూకాజిల్ బొగ్గు గనులకు వెళ్లి, మూడు పౌన్ల పన్ను రద్దయ్యేదాకా పనిలోకి దిగవద్దని కార్మికులను అడిగారు. అక్టోబరు మధ్యలో సమ్మె మొదలైంది. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు చార్లెస్‌టౌన్ నుంచి సరిహద్దు దాటి నడిచారు. నాలుగు రోజుల్లో గాంధీని మూడుసార్లు అరెస్టు చేశారు. కార్మికులను రైళ్లలో వెనక్కి పంపి, గనులనే జైళ్లుగా ప్రకటించి, అక్కడి ఉద్యోగులనే కాపలాదారులుగా పెట్టారు.

అసలు విషయం ఆ తర్వాత జరిగింది. గాంధీ జైలులో ఉండగానే, ఏ నాయకుడూ పిలుపునివ్వని కోస్తా చెరకు తోటల్లో కూలీలు పని మానేశారు. మౌంట్ ఎజ్‌కూంబ్, ఎస్పరాంజాలలో కాల్పులు జరిగాయి, కూలీలు చనిపోయారు. సమ్మెలో ఉన్నవారు 20,000 వరకు ఉంటారని అంచనా. జైలులో జ్వరం పట్టిన పదహారేళ్ల సత్యాగ్రహి వల్లియమ్మ విడుదలైన కొద్దిరోజులకే, 1914 ఫిబ్రవరి 22న కన్నుమూసింది. ఆ ఏడాది వచ్చిన ఇండియన్స్ రిలీఫ్ చట్టం మూడు పౌన్ల పన్నును రద్దుచేసింది, భారతీయుల పెళ్లిళ్లను గుర్తించింది. ఇరవై ఏళ్ల వినతిపత్రాలకు కదలని ప్రభుత్వం వారాల సమ్మెకు దిగివచ్చింది. ఓటు మాత్రం రాలేదు, తోట జీతాలూ మారలేదు.

ఒంటరి పోరు నుంచి ఉమ్మడి పోరుకు

రెండు ప్రభుత్వాల మధ్య 1927లో కుదిరిన కేప్‌టౌన్ ఒప్పందం తర్వాత భారత ప్రభుత్వం అక్కడ ఏజెంటును నియమించింది. మొదట వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి, తర్వాత తెలుగువారైన కూర్మా వెంకటరెడ్డి నాయుడు. ఆయన ఉన్న కాలంలోనే, 1931లో, అక్కడి ఆంధ్ర మహాసభ ఏర్పడింది.

1945లో నేటాల్ కాంగ్రెస్ నాయకత్వం వర్తకుల నుంచి డాక్టర్ మాంటీ నాయకర్ వర్గానికి మారింది. కార్మిక సంఘాలు పదేళ్లుగా వేసిన పునాది ఇందుకు తోడ్పడింది. 1946లో భారతీయులు ఎక్కడ భూమి కొనవచ్చో, ఎక్కడ ఉండవచ్చో నిర్ణయించే చట్టం రాగానే, డర్బన్ గేల్ వీధి మూలన ఖాళీ స్థలంలో సత్యాగ్రహులు గుడారాలు వేశారు. శ్వేతజాతి యువకులు రాత్రిళ్లు దాడులు చేసినా కదల్లేదు. రెండేళ్లలో సుమారు 2,000 మంది జైలుకెళ్లారు. భారత్ వాణిజ్య సంబంధాలు తెంచుకుని, విషయాన్ని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లింది. విజయలక్ష్మి పండిట్ వాదించిన తీర్మానం 1946 డిసెంబరు 8న 32-15 ఓట్లతో నెగ్గింది. 1947 మార్చిలో నాయకర్, ట్రాన్స్‌వాల్ భారతీయుల నాయకుడు యూసుఫ్ దాదూ, ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు జూమా కలిసి పోరాడతామని సంతకాలు చేశారు. ముగ్గురూ వైద్యులే కావడంతో దీన్ని డాక్టర్ల ఒడంబడిక అంటారు.

ఈ ఒప్పందం కింది దాకా పాకలేదని 1949 జనవరి చూపింది. డర్బన్‌లో ఆఫ్రికన్లు భారతీయులపై విరుచుకుపడ్డారు. 142 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికన్లు, చాలామంది పోలీసుల అణచివేతలో చనిపోయినవారు. డర్బన్‌లోని కేటో మానర్‌లో అద్దె వసూలు చేసేది, దుకాణాలూ బస్సులూ నడిపేది చాలాచోట్ల భారతీయులే. పై మెట్టున ఉన్న శ్వేతజాతి కన్నా పక్క మెట్టున ఉన్నవారే పేదవాడికి రోజూ కనిపించేవారు. అయినా నాయకులు వెనక్కి తగ్గలేదు. వర్ణవివక్ష చట్టాలపై 1952లో సాగిన ధిక్కార ఉద్యమంలో జైలుకెళ్లిన 8,000 మందికి పైగా కార్యకర్తల్లో భారతీయులూ ఉన్నారు. 1964 రివోనియా కేసులో మండేలాతో పాటు అహ్మద్ కత్రాడాకూ యావజ్జీవం పడింది. తంబి నాయుడు మనవడు ఇంద్రేశ్ నాయుడు రాబెన్ దీవి జైలులో పదేళ్లు గడిపారు.

1983 రాజ్యాంగం తెల్లవారికి 178, మిశ్రమ జాతివారికి 85, భారతీయులకు 45 స్థానాలతో మూడు సభల పార్లమెంటు తెచ్చింది. ఆఫ్రికన్లకు ఏమీ లేదు. 1984 ఎన్నికల్లో నమోదైన భారతీయ ఓటర్లలో ఐదో వంతు మందే ఓటేశారు. దాదాపు తొంభై ఏళ్ల కింద పోయిన ఓటు తిరిగి వచ్చినా, పొరుగువాడికి లేని ఓటు వద్దన్నారు. ఈ సమూహం చేసిన పనుల్లో ఇదే గొప్పదని నా అంచనా.

1996 రాజ్యాంగం గౌరవించి పెంపొందించాల్సిన భాషల్లో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగునూ పేర్కొంది. జాతుల వారీగా నివాస ప్రాంతాలను వేరుచేసిన చట్టం కింద ఇళ్లు పోగొట్టుకుని చాట్స్‌వర్త్ వంటి కాలనీలకు తరలించబడినవారు భూమి తిరిగి కోరడానికి 1994 చట్టం వీలు కల్పించింది. పట్టణాల్లో హక్కు నిరూపించుకున్నవారిలో చాలామందికి దక్కింది భూమి కాదు, నగదు పరిహారం.